బ్యాటరీ నిండుగా ఉంది

మా సంచార వైద్యశాలకు రెండు బ్యాటరీలు. ముందుది బండి స్టార్టు కావడానికి. వెనకది మందుల ఫ్రిజ్‌కి. ఇంజను తిరిగితే డైనమో తిరుగుతుంది. డైనమో ముందు బ్యాటరీని నింపుతుంది. అక్కడి నుంచి ఒక వైరు బండి అడుగున పాకి వెళ్లి వెనక బ్యాటరీని నింపుతుంది. ప్రారంభోత్సవం నాడు ఈ సంగతి మైకులో చెప్పారు. బండి ఎంత దూరం పోతే మందు అంత చల్లగా ఉంటుందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వైరు ఎంత లావుందని ఎవరూ అడగలేదు.

ఆ బండికి డ్రైవర్ని నేను. పేరు దాలినాయుడు. చదివింది మా ఊరి బడిలో. నా భార్య షుగరుతో పోయింది. ఆవిడ పోయిన ఏడు ఈ పథకం లేదు. ఉండి ఉంటే పథకం కోసం ఎదురు చూస్తూ పోయేది. తేడా అంతే.

జిల్లా ఆఫీసులో బయలుదేరి కొండ కింద ఊళ్లన్నీ తిరిగి చివరకు గెడ్డవలస చేరేవాళ్లం. బండిలో నేను, మందులిచ్చే సిస్టర్ రత్నకుమారి. మొదటి రెండు ఊళ్లు దాటేసరికి ఫ్రిజ్‌లో దీపం ఎర్రబడేది. గెడ్డవలసలో తలుపు తీస్తే లోపల వంటింటి గాలి. ఇంజను పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. ముందు బ్యాటరీ నిండుగా ఉంది. వెనకది పీనుగులా పడి ఉంది.

నాకు చేతనైంది చేశాను. టెర్మినళ్ల మీద వేడినీళ్లు పోసి తెల్లటి చిలుము కడిగాను, గ్రీజు రాశాను. ఫ్యూజు మార్చాను. కొత్త బ్యాటరీ తెచ్చి వేసినా అదీ రెండు ఊళ్లకే చచ్చింది. వైరు మారుద్దామంటే మొదట్లో ఒక సీసపు సీలు, చివర ఒక సీలు. సీలు తెంపితే డ్రైవరు ఉద్యోగం పోతుందని దాని పక్కనే తెలుగులో రాసి ఉంది. ఆ బండిలో తెలుగులో రాసింది అదొక్కటే.

గెడ్డవలసలో అసిరమ్మ అని ఒకావిడ. జీడితోటల్లో పిక్కలు ఏరే పని. ఆమెకూ షుగరు. అరికాల్లో ముల్లు దిగి పుండు పడింది. మానాలంటే ఇన్సులిన్ సరిగ్గా పడాలి. వారానికి సరిపడా సీసా మేం ఇస్తే కోడలు పూటపూటా సూది వేసేది. ఇంట్లో కరెంటు ఉంది గాని ఫ్రిజ్ లేదు. తడి ఇసక పోసిన కుండలో సీసా పెట్టి, పైన గోనె తడిపి కప్పేవాళ్లు. మందు వాళ్లింట్లో ఏ రోజూ చెడలేదు. మా ఫ్రిజ్‌లో చెడింది.

ఆమె ఇంకోచోటికి వెళ్లవచ్చు కదా అని మీరు అడుగుతారు. పథకంలో పేరు చేరగానే ఆరోగ్య కేంద్రంలో పేరు కొట్టేశారు. ఒకే మనిషికి రెండు చోట్ల జబ్బు ఉండకూడదని నియమం. బజారులో కొనాలంటే ఆమె కూలి చాలదు.

“ఏటి బావూ, మీ మందుకి జొరమొచ్చినాదా?” అంది అసిరమ్మ ఒకసారి, సీసా చేతిలోకి తీసుకుని. “నా సెయ్యి కన్నా ఏడిగున్నాది.”

సిస్టర్ తల దించుకుంది. తర్వాతి వారం తన డబ్బుతో ఐసు పెట్టె కొని తెచ్చి అందులో మందులు పెట్టుకుంది. రెండు వారాలు మందు చల్లగా అందింది. అసిరమ్మ పుండు అంచులు దగ్గరపడి మానుపడుతున్నట్టు కనిపించింది. మూడో వారం సూపరింటెండెంట్ పరంధామయ్యగారు ఐసు పెట్టె చూశారు.

“ఇదేమిటమ్మా ఇది?”

“ఫ్రిజ్ పనిచేయడం లేదండి. మందులు పాడవుతున్నాయని...”

“ఫ్రిజ్ ఉన్న బండిలో ఐసు పెట్టె ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఫ్రిజ్ పనిచేయడం లేదనుకోరూ?”

“పనిచేయడం లేదనే కదండీ చెబుతున్నాను.”

“చెప్పడం వేరు. అనుకోవడం వేరు. చెబితే విచారణ జరుగుతుంది. అనుకుంటే పరువు పోతుంది.”

ఐసు పెట్టె స్టోరు గదికి పోయింది. బండి కదిలితే వెనక బ్యాటరీ దిగిపోతోందని నేను వారం వారం ఫిర్యాదు రాయసాగాను. విచారణ మొదలైంది.

* * *

మొదటి తనిఖీకి ఉపసంచాలకులు సర్వోత్తమరావుగారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. మా ఆఫీసుకు ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్లు వస్తుంటే ముందు రోజు గోడలకు సున్నం వేస్తాం. దారి పొడవునా బ్లీచింగ్ పొడితో గీత గీస్తాం. కుళాయిలో నీళ్లు రాకపోతే పైన తొట్టిలో బిందెలతో పోసి వచ్చేలా చేస్తాం. అధికారి కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. ఆయన వెళ్లాక రాకపోయినా తప్పులేదు. ఇది మోసమని మాలో ఎవరూ అనుకోరు. ఇంటికి వచ్చిన చుట్టానికి చిరిగిన చాప వేస్తామా?

ఆ మర్యాద ప్రకారమే పరంధామయ్యగారు ముందు రోజు గోడ ప్లగ్గు నుంచి వైరు లాగి, ఛార్జరు పెట్టి, వెనక బ్యాటరీని తెల్లవార్లూ నింపించారు.

ఉపసంచాలకులు వచ్చారు. మీటరు పెట్టించారు. ముల్లు ఆ చివరకు పోయి నిలబడింది.

“నిండుగా ఉంది,” అన్నారు ఆయన.

“చిత్తం,” అన్నారు పరంధామయ్యగారు.

“మరి ఫిర్యాదుకు ఆధారం ఏమిటి?”

నేను ముందుకు వచ్చాను. “అయ్యా, రాత్రి గోడ ప్లగ్గు...”

“డ్రైవరు అభిప్రాయం తర్వాత నమోదు చేసుకుందాం. క్షేత్రస్థాయిలో కంటికి కనిపించినదే ప్రమాణం. యంత్రం నిర్దోషి.”

యంత్రం నిర్దోషి అయితే దోషి కావలసినవాడు ఒకడుండాలి. వారం తిరక్కుండా నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. బండిని తగినంత ఉత్సాహంతో నడపనందున డైనమో నిరుత్సాహానికి లోనై ఉండవచ్చునని అందులో ఉంది. ఇకపై ఉత్సాహంగా నడుపుతానని సంతకం పెట్టాను.

ఉత్సాహంగా నడిపాను. గోతుల్లో సిస్టర్ రెండుసార్లు తల కొట్టుకుంది. గెడ్డవలస చేరేసరికి ఫ్రిజ్ దీపం ఎర్రగా ఉంది. అసిరమ్మ కాలు బొటనవేలు నల్లబడి ఉంది.

* * *

రెండో తనిఖీకి సాంకేతిక నిపుణుడు కావాలన్నారు. కిరీటి అనే ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు, చురుకైనవాడు. పరంధామయ్యగారు ఈసారి నిపుణుడన్న గౌరవం కొద్దీ రెండు రాత్రులు ఛార్జింగు పెట్టారు.

కిరీటి బండి కిందకు దూరి, వైరు పట్టుకు చూసి, బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. ఉపసంచాలకులు టీ తాగడానికి లోపలికి వెళ్లారు. నేను దగ్గరికి పోయాను.

“బాబూ, మీకు తెలిసిందా?”

“తెలియకేం? వైరు సన్నం. ఇంత దూరానికి ఇంతకు మూడింతల లావుండాలి. డైనమో ఇచ్చింది దారిలోనే పోతోంది. ఒక పూట పని.”

“మరి రాయండి బాబూ.”

అతను నా వైపు జాలిగా చూశాడు.

“ఏమని రాయమంటారు నాయుడుగారూ? నా మీటరులో బ్యాటరీ నిండుగా ఉంది. నిండుగా ఉన్న బ్యాటరీకి వైరు మార్చమని రాస్తే ఎందుకని అడుగుతారు. ఛార్జింగు అవడం లేదంటే, ఈ నిండుది ఎక్కడిదని అడుగుతారు. గోడదంటే, గోడ నుంచి పెట్టిందెవరని అడుగుతారు. అక్కడితో మన ఆఫీసు మొత్తం పోతుంది. ఒక వైరు కోసం ఇంతమందిని ఇంటికి పంపించాలా?”

“అక్కడొకావిడ కాలు పోయేలా ఉంది బాబూ.”

“ఆవిడ నా పరిధిలోకి రాదు,” అన్నాడు. మీటరు సంచిలో పెట్టుకుంటూ, “వస్తే బాగుండేది,” అన్నాడు.

టీ అయ్యాక అతను పైకి చెప్పింది ఒక్క మాట. బ్యాటరీ నిండుగా ఉంది.

* * *

మూడో తనిఖీకి ముందు రోజు పరంధామయ్యగారి గదికి వెళ్లాను.

“అయ్యా, ఈ ఒక్కసారికి ఛార్జింగు పెట్టకండి.”

ఆయన కళ్లజోడు తీశారు. “ఏమిటి నువ్వనేది?”

“ఉన్నది ఉన్నట్టు చూడనివ్వండి. ఆ తర్వాత వైరు మారుస్తారు.”

“నాయుడూ, నీకు పెళ్లాం పోయాక మంచీ మర్యాదా కూడా పోయాయి. ఉపసంచాలకుల వారికి ఖాళీ బ్యాటరీ చూపిస్తానా? నా సర్వీసులో ఏ అధికారికీ ఏదీ ఖాళీగా చూపించలేదు. బావి కూడా నింపి చూపించాను.”

ఆయన చెప్పింది నిజం. ఒక వేసవిలో ట్యాంకరు తెచ్చి బావి నింపిన మనిషి ఆయన. ఆ ఏడు మా ఆఫీసుకు భూగర్భ జలాల మీద మెచ్చుకోలు వచ్చింది.

సాయంత్రం ఆయన ప్లగ్గు పెట్టించి ఇంటికి వెళ్లారు. నేను ప్లగ్గు పీకి ఇంటికి వెళ్లాను.

మర్నాడు అందరూ బండి చుట్టూ నిలబడ్డారు. మీటరు పెట్టారు. ముల్లు కదలలేదు. ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల చీకటి. ఒక బొద్దింక బయటికి వచ్చి ఉపసంచాలకుల బూటు ఎక్కి దిగిపోయింది. పరంధామయ్యగారి మొహంలో నెత్తురు లేదు. ఇప్పుడైనా తేలుతుందని నేను అనుకున్నాను. ఈ శాఖలో ఇన్నేళ్లు పనిచేసి అలా అనుకోవడం నా తెలివితక్కువ.

ఉపసంచాలకులు చాలాసేపు మీటరు వైపు చూశారు.

“ఇది సంభవం కాదు,” అన్నారు.

“చిత్తం.”

“గత రెండు తనిఖీల్లోనూ నిండుగా ఉంది. రెండింటికీ నేనే సాక్షిని. ఈనాటి ఫలితం వాటికి విరుద్ధంగా ఉంది. కనుక దీని నుంచి మనం చేయదగిన నిర్ధారణ ఏమిటి?”

పరంధామయ్యగారు చేతులు కట్టుకున్నారు.

“మీటరు చెడిపోయింది,” అన్నారు ఆయన.

పరంధామయ్యగారి మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

“ఫ్రిజ్ కూడా ఆగిపోయిందండి,” అన్నాను. “మీటరుతో పనేముంది? చెయ్యి పెట్టి చూడండి.”

“ఉత్తర్వు బ్యాటరీ పరీక్ష వరకే. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టే అధికారం నాకు దఖలు పరచలేదు.”

మీటరును మరమ్మతుకు పంపారు. అది బాగానే ఉందని అక్కడివాళ్లు తిప్పి పంపితే, వాళ్ల పరీక్షా యంత్రం సరిచూడాలని రాశారు. నాకు రెండో నోటీసు వచ్చింది. ఈసారి ఉత్సాహం గురించి కాదు. తనిఖీ సమయంలో బండి దగ్గర నిరాశాజనకంగా నిలబడినందుకు.

* * *

ఆ తర్వాత జరిగిన సమావేశంలో ఉపసంచాలకులు ఒక విషయం కనిపెట్టారు. మమ్మల్నందరినీ పిలిచి చెప్పారు.

“మీరు గమనించారో లేదో. సక్రమంగా జరిగిన ప్రతి తనిఖీలోనూ బ్యాటరీ నిండుగా ఉంది. ఫిర్యాదులన్నీ తనిఖీ లేని రోజుల్లోనే వస్తున్నాయి. అంటే లోపం వైరులో లేదు, డైనమోలో లేదు. లోపం తనిఖీల సంఖ్యలో ఉంది.”

కిరీటి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“కనుక ఇకపై తనిఖీ ప్రతిరోజూ జరుగుతుంది. ప్రజారోగ్యం విషయంలో రాజీ లేదు.”

ప్రతిరోజూ తనిఖీ జరగాలంటే బండి ప్రతిరోజూ ఆఫీసులో ఉండాలి. ప్రతిరోజూ నిండుగా ఉండాలంటే గోడ ప్లగ్గు తీయకూడదు. ఊళ్ల పర్యటన, బ్యాటరీ సామర్థ్యం స్థిరపడే వరకు, తాత్కాలికంగా నిలిపివేశారు. బండికి ఎండ తగలకుండా రేకుల షెడ్డు వేశారు. కింద గచ్చు చేశారు. కదలకుండా చక్రాల కింద ఇటుకలు పెట్టారు. ఇంజను వేస్తే పొగకు కొత్త సున్నం నల్లబడుతోందని ఇంజను వేయవద్దన్నారు. షెడ్డు మీద సంచార వైద్యశాల అని బోర్డు కట్టారు. రాత్రిళ్లు బోర్డుకు దీపాలు. ఆ దీపాలు వెనక బ్యాటరీ మీదే వెలిగేవి. బాగా వెలిగేవి.

నాకు పని రోజుకోసారి అద్దం తుడవడం. సిస్టర్‌కు పని ఫ్రిజ్‌లో మందులు చల్లగా ఉన్నాయని చెప్పడం. నిజంగానే ఉన్నాయి. ఆ బండి మొదలైనప్పటి నుంచీ అంత చల్లగా ఏనాడూ లేవు.

రాజధాని నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఒక్క రోజు కూడా బ్యాటరీ దిగని సంచార వైద్యశాల రాష్ట్రం మొత్తంలో మాదేనట. పక్క జిల్లా వాళ్లు చూసి నేర్చుకోవడానికి వచ్చారు.

“బండి ఎన్ని ఊళ్లు తిరుగుతుందండీ?” అని అందులో ఒకాయన అడిగాడు.

“తిరిగినన్నాళ్లూ ఈ ఫలితం రాలేదు,” అన్నారు పరంధామయ్యగారు.

వాళ్లు వెళ్లి తమ బండినీ నిలబెట్టారు.

* * *

అసిరమ్మ ఒక మధ్యాహ్నం కోడలి భుజం పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చింది. కాలికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. బొటనవేలు లేదని గుడ్డ చూస్తేనే తెలుస్తోంది.

“ఏలు తీసీసినారు బావూ,” అంది. “సూది సరిగ్గా పడకపోతే కాలే తీసేత్తామని సెప్పినారు. మీ బండి రాదు, కబురూ లేదు. పోనీ నానే వద్దామని వొచ్చినాను. ఇదేటిది, బండికి ఇల్లు కట్టీసినారు?”

“కట్టారు అప్పా.”

“నాకింకా కాలనీ ఇల్లు రానేదు,” అంది కోడలి వైపు చూసి. “బండిగా పుట్టినా బాగుణ్ను.”

సిస్టర్ ఫ్రిజ్ తలుపు తీసింది. చలి మా మొహాలకు కొట్టింది. సీసా తీసి ఇవ్వబోతుంటే పరంధామయ్యగారు పరుగున వచ్చారు. ఆయన వెనక ఉపసంచాలకులు. తనిఖీ వేళ అది.

“ఈమె ఎవరు?”

“గెడ్డవలస లబ్ధిదారండి,” అంది సిస్టర్. “ఇన్సులిన్ కోసం వచ్చింది.”

“గెడ్డవలస లబ్ధిదారుకు గెడ్డవలసలోనే పంపిణీ జరగాలి. ఇది సంచార వైద్యశాల. రోగి దగ్గరికి వైద్యశాల వెళుతుంది. వైద్యశాల దగ్గరికి రోగి రావడం పథకం మౌలిక స్ఫూర్తికి విరుద్ధం. ఈమెను స్వగ్రామానికి వెళ్లి వేచి ఉండమనండి.”

“ఎన్నాళ్లు ఉండాల బాబూ?” అంది అసిరమ్మ.

“పర్యటన పునఃప్రారంభం అయ్యే వరకు.”

“అదెప్పుడండీ?” అన్నాను నేను.

“బ్యాటరీ నిండుగా ఉందని నిర్ధారణ అయ్యాక.”

“నిండుగానే ఉంది కదండీ.”

“అందుకే కదపకూడదు,” అన్నారు ఆయన. “కదిపితే దిగుతుంది. ఆ సంగతి నీ ఫిర్యాదులోనే ఉంది.”

అసిరమ్మ ఆయన వైపు చూసింది. తర్వాత ఫ్రిజ్ వైపు చూసింది.

“బాబూ, మీ ఇంట్లో కూడా ఇంతేనా? అన్నం వొండీసి కుండకి కాపలా కాత్తారా?”

“ఆమె మాటలు నమోదు చేయనవసరం లేదు,” అన్నారు ఉపసంచాలకులు. మీటరు చూడకుండానే తల ఊపి లోపలికి వెళ్లారు. పరంధామయ్యగారు ఆయన వెనకే వెళ్లారు.

నేను వంగి చక్రాల కింద ఇటుకలు తీశాను. గోడ ప్లగ్గు పీకాను.

“నాయుడుగారూ, ఏం చేస్తున్నారు?” అంది సిస్టర్.

“గెడ్డవలసలో ఇవ్వమన్నారు కదమ్మా. గెడ్డవలసలోనే ఇద్దాం.”

“సస్పెండ్ చేస్తారండీ.”

“నన్ను చేస్తే అద్దం తుడిచేవాడు ఉండడు. నిన్ను చేస్తే చల్లగా ఉందని చెప్పేవాళ్లు ఉండరు. ఎక్కు.”

ఆమె ఎక్కింది. అసిరమ్మనీ కోడలినీ ఎక్కించింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. గెడ్డవలస పొలిమేర దాటాక, పంచాయతీ బోరింగు పక్కన బండి ఆపి, సిస్టర్ సీసా ఆమె చేతిలో పెట్టింది. మందు చల్లగా ఉంది. ఆ ఊళ్లో మా బండి చల్లటి మందు ఇవ్వడం, ఐసు పెట్టె వారాలు తీసేస్తే, అదే మొదటిసారి.

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. షెడ్డులో బండి పెట్టి, ఇటుకలు పెట్టి, సస్పెన్షన్ కాగితం కోసం పరంధామయ్యగారి గదికి వెళ్లాను.

“ఎక్కడికి పోయావు నువ్వు?” అన్నారు ఆయన. “రాజధాని నుంచి ప్రత్యేక తనిఖీకి వచ్చారు. అద్దం తుడిచేవాడు లేడని ఎంత అప్రతిష్ఠ!”

“బండి కూడా లేదు కదండీ.”

“లేదు. షెడ్డు చూశారు. బోర్డు చూశారు.”

“మరి బ్యాటరీ?”

“నిండుగా ఉందని సంతకం పెట్టి వెళ్లారు. ఇన్నాళ్లూ నిండుగా ఉన్నది ఇవాళ ఎందుకు ఉండదు?”

నాకు సస్పెన్షన్ రాలేదు. రావాలంటే బండి కదిలిందని ఒప్పుకోవాలి. కదిలిన బండికి ఆ సంతకం ఎలా పడిందో చెప్పాలి. నేను ఆ తర్వాత కూడా బండి తీసుకుని వారం వారం వెళ్లాను. రాత్రంతా గోడ ప్లగ్గు మీద నిండిన బ్యాటరీ, నేరుగా పోతే, గెడ్డవలస దాకా సరిపోయేది. షెడ్డుకు తనిఖీలు ఆగలేదు. ఫలితమూ మారలేదు.

అసిరమ్మకు మందు చల్లగానే అందింది. అందడం మొదలయ్యేసరికి పుండు చీలమండ దాటింది. పెద్దాసుపత్రిలో మోకాలి కింద దాకా తీసేశారు. చూడటానికి వెళ్లాను. మంచం మీద దుప్పటి ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా ఉంది.

“వొచ్చినావా బావూ,” అంది. “బండేది?”

“షెడ్డులో ఉంది అప్పా.”

“బేట్రీ నిండినాదా?”

“నిండింది.”

ఆమె దుప్పటి చదునుగా ఉన్న వైపు చేత్తో సవరించుకుంది.

“మరింకేటి,” అంది. “కదపకుండా సూసుకో.”